ఆరు నిప్పులూ ఒక మంగళవారమూ

ఫిబ్రవరి 5, సోమవారం

నేను ఆట ఆడడం లేదు. రేపు నన్ను నేనే నిలదీసుకుంటే చూపించడానికి ఈ మాట ముందుగా రాసి పెడుతున్నాను. యెహోషువ వేగులవాళ్ళను పంపకుండా యెరికో మీదికి పోలేదు. నేనూ పంపాను. వేగులవాణ్ణి నేనే. ఆ పట్నం పేరు 'బరి'. ఫోనులో ఉంటుంది.

నా ఫోనులోకి ఎక్కించి ఇచ్చింది బైడూ. 'ఓర్చుకో' అని పేరు రాసిన పడవ మీద వల లాగుతాడు. వాళ్ళ పడవ ఇంజిను నా షెడ్డులో విప్పి పడుంది కాబట్టి నాకు ఎదురు చెప్పలేడు. అయినా నవ్వాడు. "అయ్యగారూ, ఇవన్నీ సైతాను బొమ్మలని ఒడ్డున మంట పెట్టించింది తమరే కదండీ," అన్నాడు. ప్రసంగం కోసం చూస్తున్నానని చెప్పాను. ఎన్ని ప్రసంగాలకి అని అడిగాడు. మూడు అన్నాను.

చూసినంతవరకు ఇది: గుడ్లు దొరుకుతాయి. గుడ్డు పిల్ల అవుతుంది. పిల్లను పెంచి బరిలోకి దింపాలి. ఒక్కో ఆటగాడికి ఆరు జీవాలు. ఒక్కోదానికి వేగం, బలం, ఓర్పు అని మూడు అంకెలు. ప్రతి దెబ్బా ఇన్నిసార్లేనని లెక్క ఉంటుంది, అయిపోతే అయిపోయినట్టే. నీరు నిప్పును ఆర్పుతుంది, నిప్పు పచ్చికను కాలుస్తుంది, పచ్చిక నీటిని తాగేస్తుంది. ఇందులో సైతాను ఎక్కడున్నాడో ఇంకా దొరకలేదు. వెతుకుతున్నాను.

ఇదంతా అరబా కోసం కాదు.

ఫిబ్రవరి 6, మంగళవారం

మంగళవారం మా చేపల రేవు అపామ్‌లో ఒక్క పడవ కూడా కదలదు. సముద్రం ఆ రోజు విశ్రాంతి తీసుకుంటుందట. ఇది అన్యాచారమని ఇరవై ఏళ్ళుగా ఖండిస్తున్నాను. ఇరవై ఏళ్ళుగా మంగళవారమే ఒడ్డున ప్రసంగిస్తున్నాను, ఎందుకంటే జనమంతా అక్కడే కూర్చుని వలలు కుట్టుకుంటూ ఉంటారు. ప్రభువు దేన్నయినా వాడుకుంటాడు.

ఒడ్డు చివర నా మరదలు మన్సా కెంకీ, అదే ఆకుల్లో చుట్టిన మొక్కజొన్న ముద్దలు, ఉడకబెట్టే పాక. దాని పక్కన నా కూతురు అరబా ఫోన్ల రిపేరు కొట్టు. మంగళవారం మంగళవారం ఆ కొట్టు ముందు బల్ల వేసి పోటీ పెడుతుంది. నియమాలు సుద్దతో బోర్డు మీద రాసి ఉన్నాయి. దూరం నుంచే చదివాను, కళ్ళజోడు తుడుచుకుని.

ఒకటి, ఆరు జీవాలూ ఒకే జాతివి కావాలి. నీరంటే ఆరూ నీరే, రాయంటే ఆరూ రాయే.
రెండు, ముగ్గుర్ని గెలిచినవాడు అరబాకు ఎదురుగా కూర్చుంటాడు.
మూడు, బోర్డు మీద పేరెక్కినవాడితో ఎవరైనా సరే ఆడాల్సిందే. కాదనకూడదు.
నాలుగు, ఆట అయ్యాక ఇద్దరూ చేతులు కలిపి వేళ్ళు చిటికె వేసి, 'బాగా ఆడావు' అనుకోవాలి.

అరబాది నీటి సైన్యం. పదకొండు వారాలుగా ఆమెను ఓడించినవాడు లేడు. నేను గొంతు పెంచి ప్రసంగించాను. ఆమె కొట్టులో పాట పెంచింది.

మూడో నియమం ఇంటికొచ్చాక కూడా గుర్తొస్తోంది. కాదనకూడదు.

ఫిబ్రవరి 8, గురువారం

గుడ్డు పిల్ల అయింది! బొగ్గు మేక. కొమ్ముల చివర నిప్పురవ్వలు. గురువారం పుట్టింది కాబట్టి ఎకౌ అని పేరు పెట్టాను. మా ఊళ్ళో మనుషులకు పుట్టిన వారాన్ని బట్టి పేరున్నప్పుడు మేకకు ఎందుకుండకూడదు? ఇంజినుకు వేయాల్సిన నట్టు చేతిలో పట్టుకుని అరగంట దాన్నే చూశాను.

నిప్పు జాతే. ఇంకొకటి ఆలోచించను. మండుతూ కాలిపోని పొద, అరణ్యంలో అగ్నిస్తంభం, పెంతెకొస్తు నాటి అగ్ని నాలుకలు. నా దేవుడు ఎప్పుడైనా నీళ్ళ రూపంలో దిగాడా? బైడూ తల కొట్టుకున్నాడు. నీటి మీదికి నిప్పు తీసుకుపోవడమేంటండీ, పచ్చిక పెట్టుకోండి, నీళ్ళన్నీ తాగేస్తుంది అన్నాడు. గడ్డి ఎండిపోతుందని ప్రవక్త చెప్పాడని గుర్తు చేశాను.

ఫిబ్రవరి 9, శుక్రవారం

దివిటీ పురుగు. పేరు ఫీఫీ.

ఫిబ్రవరి 10, శనివారం

కొలిమి ఎద్దు! అతో! ముక్కులోంచి పొగ!

ఫిబ్రవరి 11, ఆదివారం

ప్రసంగంలో నోరు జారింది. దావీదు, గొల్యాతు. గొల్యాతుకు బలం ఎక్కువ, వేగం సున్నా. దావీదుకు ఓర్పు తక్కువైనా వేగం నూట పది, అందుకే మొదటి దెబ్బ అతనిది అని చెప్పాను. సంఘమంతా ఆమేన్ అంది. బయటికి వస్తుంటే ఒక పెద్దావిడ ఆ నూట పది ఏ అధ్యాయంలో ఉందని అడిగింది. మూల భాషలో ఉందన్నాను. దేవా, క్షమించు.

సాయంత్రం నిప్పు తొండ పుట్టింది. సీసీ.

ఫిబ్రవరి 12, సోమవారం

పొగ తాబేలు. జోజో. వేగం చూసి నవ్వొచ్చింది, ఓర్పు చూసి నోరు మూతపడింది.

ఫిబ్రవరి 13, మంగళవారం

ఈరోజు పుట్టింది ఎర్ర ముంగిస. మూడు అంకెలూ నిండుగా ఉన్నాయి. బైడూ ఫోను లాక్కుని రెండుసార్లు చూశాడు, ఇలాంటిది వెయ్యి గుడ్లకు ఒకటి కూడా రాదన్నాడు. పేరేం పెట్టారని అడిగాడు.

పెట్టలేదు. పక్కన గూట్లో ఉంచాను.

ఫిబ్రవరి 14, బుధవారం

నిప్పు కోడి, కూకూ. ఆరుగురూ అయ్యారు. సీసీ, జోజో, కూకూ, ఎకౌ, ఫీఫీ, అతో.

కోడి కన్నా ముంగిస పది రెట్లు మేలని బైడూ గోల. నాకు కోడే చాలన్నాను.

ఫిబ్రవరి 18, ఆదివారం

ఆడుతున్నాను. సరే. రాశాను.

ఫిబ్రవరి 20, మంగళవారం

వెళ్ళాను. ఉతికిన చొక్కా వేసుకుని, బైబిలు చంకలో పెట్టుకుని వెళ్ళాను. మన్సా కెంకీ ఆకులు విప్పుతూ చూసింది.

"బావా, ప్రసంగం అటువైపు."

"ప్రసంగానికి రాలేదు. పేరు రాయించుకోడానికొచ్చాను."

గరిటె కుండలో పడింది. చుట్టూ ఉన్న వలవాళ్ళందరూ వరసగా అరబా వైపు తిరిగారు. అరబా బోర్డు మీదున్న మూడో నియమాన్ని చూసింది. ఎవరు రాశారో ఆమెకు తెలుసు. సుద్దముక్క బైడూ చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది. బైడూ రాశాడు: ఇంజిను మేస్త్రీ.

మొదటి ఆటలోనే ఓడాను. ఎదుటివాడిది మట్టి జాతి. సీసీని, ఎకౌని, అందరినీ పూడ్చిపెట్టాడు. నా ఆరుగురూ ఒక్కొక్కరే కళ్ళు మూశారు. నాలుగో నియమం ప్రకారం చిటికె వేశాను. గ్రీజు చేయి జారి చిటికె మోగలేదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

లోపలి నుంచి ఆమె చూసిందో లేదో తెలియదు. తెర కొంచెం కదిలింది. గాలి కావచ్చు.

ఫిబ్రవరి 21, బుధవారం

ఆమె నాతో మాట్లాడి మూడేళ్ళ ఐదు నెలలు. లెక్కపెట్టలేదు. అదే తెలుస్తుంది.

ఆ రోజు ఒడ్డున మంట. ఎఫెసులో మాంత్రికులు తమ పుస్తకాలు తెచ్చి కాల్చారన్న వాక్యం మీద గంటన్నర చెప్పాను. జనం తాయెత్తులు, పూసలు, పాత సీసాలు తెచ్చి వేశారు. నా ఇంటి నుంచి కూడా ఏదో ఒకటి వేయాలి కదా. అరబా గదిలో చేతిలో పట్టుకుని ఆడే చిన్న ఆట డబ్బా ఉంది. తెర మీద కొమ్ముల బొమ్మ. ఏమిటిదని అడగలేదు. వేశాను. వేసేటప్పుడు ఆమె జనంలో నిలబడి ఉంది. ఏడవలేదు. ప్లాస్టిక్ కాలే వాసన వచ్చేదాకా ఉండి, అక్కడి నుంచే మన్సా ఇంటికి నడిచింది. ఆమె అందులోని జీవాలకు ఏ పేర్లు పెట్టుకుందో నాకు తెలియదు. అవి ఎన్నో కూడా తెలియదు.

ఆ మంట పెట్టినందుకు నాకు అందరూ షేక్‌హ్యాండు ఇచ్చారు.

ఫిబ్రవరి 27, మంగళవారం

ఒకటి గెలిచాను! పచ్చిక జాతి కుర్రాణ్ణి ఎండుగడ్డిలా తగలబెట్టాను! కూకూ ఒక్కటే నలుగుర్ని! కోడంటే కోడి! నాకు తెలియకుండానే బల్ల మీద కొట్టి "హల్లెలూయా" అన్నాను, అటూ ఇటూ పది గొంతులు "ఆమేన్" అన్నాయి. ఇంత గట్టిగా ఆదివారం అనరు.

రెండోది రాతి జాతి చేతిలో పోయింది. ఫరవాలేదు. మన్సా కెంకీతో పాటు వేయించిన చేప పెద్ద ముక్క పెట్టింది. నా కూతురు ఇంట్లో నా ఆట గురించి ఏమైనా అందా అని నేను అడగలేదు. "ఏమీ అనలేదు బావా," అంది ఆవిడే.

మార్చి 5, మంగళవారం

మట్టి, పిడుగు, రాయి. ముగ్గురూ పోయారు. ముగ్గురూ!

అప్పుడు అరబా కొట్టులోంచి వచ్చి నాకెదురుగా కూర్చుంది. మూడేళ్ళ తర్వాత మా ఇద్దరి మధ్య రెండు జానల బల్ల. వాళ్ళమ్మకున్నట్టే కుడి కనుబొమ్మ కొంచెం పైకి. ఫోను వైపే చూసింది. ఆమె సైన్యంలో మూడు పెద్ద నీటి జీవాలు: తిమింగలం, మొసలి, నీటిగుర్రం. మూడింటికీ 'వరద' అనే దెబ్బ ఉంది. ఆరు వరదల్లో నేను అయిపోయాను. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు.

నాలుగో నియమం. చేయి చాచాను. ఆమె చాచింది. చిటికె మోగింది. "బాగా ఆడావు," అని బోర్డుకు చెప్పింది.

అది లెక్కలోకి రాదు. బోర్డుకు చెప్పింది.

మార్చి 7, గురువారం

ఇంజిను కింద పడుకుని ఉండగా దొరికింది. లేవబోయి తల ఇంజినుకు కొట్టుకుంది. అయినా నవ్వుతూనే ఉన్నాను.

కర్మెలు కొండ! ఏలీయా! బలిపీఠం మీద నాలుగు తొట్ల నీళ్ళు పోయించాడు. రెండోసారి పోయమన్నాడు. మూడోసారి పోయమన్నాడు. పన్నెండు తొట్లు. అప్పుడు పైనుంచి అగ్ని దిగి కట్టెల్ని, రాళ్ళని, కందకంలో నీళ్ళతో సహా నాకేసింది. ఆ అధ్యాయం మీద నేను కనీసం నలభైసార్లు ప్రసంగించాను. ఒక్కసారీ లెక్క చూసుకోలేదు.

బరిలో వరద దెబ్బ నాలుగుసార్లే. అరబాకు వరద ఉన్న జీవాలు మూడు. నాలుగు మూళ్ళు పన్నెండు. పోయనివ్వాలి! అంతా పోయనివ్వాలి! జోజో తాబేలుకు డిప్పలోకి ముడుచుకునే విద్య ఉంది, వరద తగిలినా ప్రాణం పోదు. తాబేలు ముడుచుకోవాలి, తల బయటపెట్టాలి, మళ్ళీ ముడుచుకోవాలి. పన్నెండో తొట్టి అయ్యాక నీళ్ళుండవు. అప్పుడు నా అగ్ని.

బైడూకు చెప్పాను. నోరు తెరుచుకుని విన్నాడు. చివరికి, ఆవిడ దగ్గర ఒక మబ్బు పిల్ల కూడా ఉందండీ, దాన్ని ఇంతవరకు బరిలోకి దింపలేదు, దాని సంగతి చూసుకోండి అన్నాడు. చూశాను. అరచేతిలో పట్టేంత మబ్బు. బలం లేదు, ఓర్పు లేదు. ఫీఫీ ఒక్కసారి ఊదితే పోతుంది. దాని కింద ఏదో నాలుగు వరసలు రాసి ఉంది, రెండు చదివాను, చాలనిపించింది.

మార్చి 9, శనివారం

జోజోను ముడుచుకోమనడం, తల తీయమనడం. ముడుచుకోమనడం, తల తీయమనడం. వేరే పనేమీ లేదు. 'ఓర్చుకో' పడవవాళ్ళు ఇంజిను కోసం మనిషిని పంపారు. వాళ్ళ పడవ మీద రాసుకున్నదే వాళ్ళకు చదివి వినిపించాను.

మార్చి 11, సోమవారం

రేపటికి మూడేళ్ళ ఆరు నెలలు.

గెలిస్తే ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. ఒకటిన్నర పేజీ వచ్చింది, ఐదు బైబిలు వాక్యాలతో సహా. చదువుకుంటే అందులో తప్పు ఎఫెసువాళ్ళదన్నట్టుంది. చించేశాను.

మార్చి 12, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

ముగ్గుర్నీ గెలిచాను. నాలుగో ఆటకు వలవాళ్ళందరూ వలలు వదిలేసి చుట్టూ చేరారు. మన్సా కుండ దించేసి వచ్చింది. అరబా కూర్చుంది.

తిమింగలం వచ్చింది. నేను జోజోను పంపాను. వరద. ముడుచుకుంది. వరద. ముడుచుకుంది. నేను పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒక తొట్టి, రెండో తొట్టి. నాతో పాటు బైడూ, తర్వాత చుట్టూ ఉన్న అందరూ. మొసలి వచ్చింది. ఐదు, ఆరు, ఏడు. ఒడ్డంతా కలిసి అంకెలు చెబుతుంటే ఆమె కనుబొమ్మ పైకి లేచింది. ఏం చేస్తున్నానో అప్పుడే పట్టేసిందని ఇప్పుడు అనిపిస్తోంది. అయినా పోసింది. నీటిగుర్రం. పది. పదకొండు. పన్నెండో తొట్టికి జోజో కన్ను మూసింది, నీళ్ళూ అయిపోయాయి.

లేచి నిలబడ్డాను. బైబిలు కింద పడింది, తీయలేదు. ఎకౌ, అతో, కూకూ, ఒకరి వెనక ఒకరు. తిమింగలం పోయింది. మొసలి పోయింది. దాని వెనక వచ్చిన చిన్న చేపలు రెండూ పోయాయి. నాకు ఐదు ప్రాణాలు, ఆమెకు రెండు. ఖాళీ అయిన నీటిగుర్రం, ఆ మబ్బు పిల్ల. ఒడ్డు మీద ఏలీయాతో పందెం కట్టిన బయలు దేవుడి ప్రవక్తలున్నా ఆ క్షణంలో మారుమనసు పొందేవాళ్ళు.

అరబా మబ్బును దింపింది. ఫీఫీ ఊదేలోపు అది తన ఒకే ఒక విద్య చూపించింది. దాని వేగం నేను చూసుకోలేదు.

వాన.

తెరంతా వాన. వాన పడితే నిప్పు దెబ్బ సగమవుతుంది, ఖాళీ అయిన తొట్లన్నీ మళ్ళీ నిండుతాయి. నేను చదవని ఆ కింది రెండు వరసల్లో ఉన్నది అదేనట. ఫీఫీ ఊదినా మబ్బు పోలేదు, కొంచెం పలచబడిందంతే. తర్వాత నీటిగుర్రం వచ్చింది, నాలుగు నిండు తొట్లతో. ఫీఫీ, ఎకౌ, అతో, కూకూ. సీసీ ఒక్కటి మిగిలింది. దాన్ని చూసి మబ్బే మళ్ళీ వచ్చి ఒక చుక్క రాల్చింది. సీసీ తోక మీద నిప్పు ఆరిపోయింది.

అరబా ఫోను బల్ల మీద పెట్టింది. నా వైపు చూసింది. బోర్డు వైపు కాదు.

"ఆ అధ్యాయం నువ్వెప్పుడూ అగ్ని దగ్గరే ఆపేస్తావు నాన్నా," అంది. "నేను చిన్నప్పటి నుంచి నలభైసార్లు విన్నాను. తర్వాత ఏమవుతుందో నాకు నేనే చదువుకోవాల్సొచ్చింది."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. అగ్ని పడ్డాక కథ అయిపోదు. ఏలీయా కొండ మీద తల వంచుకుని కూర్చుంటాడు. ఏడోసారి చూస్తే సముద్రం మీద మనిషి అరచెయ్యంత మబ్బు. ఆ దేశంలో వాన పడి మూడేళ్ళ ఆరు నెలలు.

నవ్వాను. ఆపుకోలేకపోయాను. కళ్ళలోంచి నీళ్ళు కారేదాకా నవ్వాను, మన్సా నీళ్ళ గ్లాసు తెచ్చింది, వద్దే తల్లీ ఇప్పటికే పదహారు తొట్లు అన్నాను. ఆ మాటకు అరబా పెదవి ఒక పక్క కదిలింది.

తర్వాత ఆమె నా ఫోను తన వైపు తిప్పుకుని నా వాళ్ళ పేర్లు చదివింది. వేలితో లెక్కపెట్టింది.

"ఆది, సోమ, బుధ, గురు, శుక్ర, శని. మంగళవారం ఏది?"

గూడు తెరిచి ముంగిసను చూపించాను. మూడు అంకెలూ చూసి ఆమె నోరు తెరిచింది. ఇదుంటే నువ్వు గెలిచేవాడివి కదా, దింపలేదేం అని అడిగింది. ఆమె పుట్టింది మంగళవారం. అరబా అంటేనే మంగళవారం. వాళ్ళమ్మ పెట్టిన పేరు కాదు, వారం పెట్టిన పేరు.

కాగితం చించేశాను కాబట్టి వాక్యం ఏదీ చేతికందలేదు. నోటికొచ్చింది అన్నాను.

"మంగళవారం పుట్టినదాని ఆటను ఒకసారి నిప్పులో పడేశాను. అడక్కుండా. తప్పు నాదే. మళ్ళీ అడక్కుండా దేన్నీ నిప్పులోకి పంపను."

ఆమె ముంగిస కింద ఖాళీగా ఉన్న పేరు గడిని వేలితో తాకింది. సముద్రం మీద ఒక్క పడవ లేదు. వలవాళ్ళు తమ వలల్లో ఉన్నట్టుండి బోలెడు చిరుగులు కనిపెట్టి అటు తిరిగారు.

"ఆ డబ్బాలో తొమ్మిదుండేవి నాన్నా," అంది చివరికి. "పెద్దదాని పేరు నీ పేరే. నీలాగే ఊరికే అరిచేది."

చేయి చాచింది. చిటికె వేశాం. గ్రీజుకు జారింది, మళ్ళీ వేశాం, మోగింది. బాగా ఆడావు అంది. నాకే అంది.

మార్చి 13, బుధవారం

ఫోను తెరిస్తే ముంగిసకు పేరుంది. నిన్న అరబా ఎప్పుడు రాసిందో చూడలేదు.

'అడిగి చూడు' అని ఉంది.

మార్చి 17, ఆదివారం

కర్మెలు అధ్యాయం చివరిదాకా చదివాను. గంటా యాభై నిమిషాలు పట్టింది. వెనక బల్ల మీద ఎవరో నిద్రపోయారు. మూడో వరసలో ఎవరో నిద్రపోలేదు.